ఎడమచేతి గిలాబా

తాన్ సూమేయ్ పరంజా మీద మోకాళ్లూని, గోడను వేలి కణుపుతో తట్టి చెవి ఆనించింది. గట్టిగా పలికితే గిలాబా పూత గోడను కరుచుకుని ఉన్నట్టు. డొల్లగా పలికితే రెంటికీ నడుమ ఏదో ఉన్నట్టు. పొద్దుట్నుంచీ తట్టిన చోటల్లా డొల్లగానే పలుకుతోంది. కుంచెతో కాసిన్ని నీళ్లు చిలకరించి, నాననిచ్చి, వెదురుబద్ద కొసను సందులో దూర్చింది. ముందు సున్నం పొర ఊడింది, దాని మీది ఎర్ర అక్షరం ముక్కతో సహా. ఆ కింద గడ్డి కలిపిన మట్టి, అరచెయ్యంత పెళ్ల, మొత్తంగా లేచి వచ్చింది. దాని కింద ఉల్లిపొరలాంటి పాత కాగితం. కాగితాన్ని తడిగుడ్డతో అద్ది మెల్లగా ఒలిస్తే, నీలం పింగాణీ పెంకులతో పొదిగిన ద్రాక్షాకు నిన్న కడిగినట్టు మెరిసింది.

"ఉంది ఫాదర్, ఇక్కడ కూడా చెక్కుచెదరలేదు" అని ఆమె కిందికి కేకేసింది.

కింద నిలబడి మెడ నిక్కించి చూస్తున్న ఫాదర్ లువో సిలువ గుర్తు వేసుకున్నాడు. నలభై దాటని మనిషి. చింగ్‌షీ చర్చికి ఫాదరుగా వచ్చి మూడేళ్లయింది. ఈ చర్చి ముఖద్వారం గురించి తెలిసినవాళ్లు చెప్పగా విన్నాడే గాని పూర్తిగా చూసింది లేదు. చూసినవాళ్లే ఊళ్లో పదిమంది మిగల్లేదు. పాత తోరణాల పద్ధతిలో మూడంచెలుగా కట్టిన గోడ అది. చూరుల కొసలు పిట్ట రెక్కల్లా పైకి లేచి ఉంటాయి. వాటి నడుమ విదేశీ పద్ధతిలో బండిచక్రంలాంటి కిటికీ, అన్నిటికన్నా పైన రాతి సిలువ. కింది అంచె మాత్రమే ఇన్నాళ్లూ బయటికి కనబడుతోంది. పై రెండంచెలూ, విప్లవం పేరుతో గుళ్లు కూలగొట్టి గోడల నిండా ఎర్ర నినాదాలు రాసిన పందొమ్మిది వందల అరవైయారు నుంచి మట్టి కిందే ఉన్నాయి. జిల్లావాళ్లు ఇప్పుడు అనుమతిచ్చారు. పెంకుపని తెలిసిన మనిషి చుట్టుపక్కల సూమేయ్ ఒక్కతే. అది ఆమెకు తండ్రి నేర్పిన పని.

"అంతా మీ నాన్నగారి చేతి చలవ" అన్నాడు ఫాదర్. రాతిపలక చెక్కడం అయిపోయిందని, ఆదివారం జపమాల పండుగనాడు ద్వారం పక్కన నిలబెడతామని, తల్లీకూతుళ్లు ఇద్దరూ కలిసి దాని మీది గుడ్డ తీయాలని చెప్పాడు. పలక మీద ఏం రాయించారో ఆమెకు తెలుసు. ఈ ముఖద్వారాన్ని వినాశనం నుంచి కాపాడిన తాన్ మేస్త్రి స్మృతికి, అని.

మధ్యాహ్నం టీ తెచ్చిన మెంగ్ అవ్వ ఆ కథ మళ్లీ మొదలుపెట్టింది. ఎనభై రెండేళ్ల మనిషి, చర్చిలో మొదటి బల్ల ఆమెది. ఆ ఏడు ఆ రాన్ చాంగ్‌మింగ్ గాడు సమ్మెటతో బలిపీఠాన్ని ముక్కలు చెయ్యడం తను కళ్లారా చూశానంది. మరియమ్మ తల్లి విగ్రహం మెడకు తాడేసి లాగింది కూడా వాడేనంది. తాన్ మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాడే గురువు నమ్మిన గుడిని కూలగొట్టాడనీ, ఆ గురువేమో ఎవరికంటా పడకుండా ముఖద్వారాన్ని మట్టితో మూసి దాచాడనీ చెప్పింది. రాన్ పేరు ఎత్తినప్పుడల్లా పక్కకు తిరిగి ఉమ్మేసింది. సూమేయ్ తల ఊపుతూ టీ తాగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న కథే. బళ్లో ఆమెను మేస్త్రి కూతురని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్లు. చర్చిలోనూ అంతే.

మర్నాడు ఆమె మూడో అంచెకు ఎక్కింది. అక్కడ గాలి ఎక్కువ. చూరు కింద వాన తగలని చోట సున్నం పొర ఎండిపోయి తాకితే రాలుతోంది. పైపూత మొత్తం ఒలిచేస్తే లోపలి మొదటి పూత బయటపడింది. మొదటి పూతను మేస్త్రీలు నున్నగా చెయ్యరు. రెండో పూత పట్టుకోవాలని తాపీ గీతలు అలాగే వదిలేస్తారు. సూమేయ్ ఆ గీతల్ని చూస్తూ కాసేపు కూర్చుండిపోయింది. తర్వాత తన తాపీ తీసుకుని, గాలిలోనే గోడకు పూస్తున్నట్టు చెయ్యి తిప్పింది. ఆమె చెయ్యి ఎడమ కింది నుంచి కుడి పైకి విల్లులా వంగింది. గోడ మీది విల్లులు ఒక్కొక్కటీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. చివరి కొసదాకా వెతికింది. తాపీ దూరని మూలల్లో మట్టిని బొటనవేలితో నొక్కారు. వేలిముద్రలు ఎండి అలాగే ఉన్నాయి. తన కుడి బొటనవేలు వాటిలో ఇమడలేదు. ఎడమది పెట్టింది. సరిగ్గా కూర్చుంది.

నాన్న కుడిచేతివాటం. ఎడమచేత్తో ఆయనకు అన్నం గిన్నె కూడా సరిగా నిలిచేది కాదు. ఈ పూత ఇద్దరు కలిసి వేసింది కూడా కాదు. ఇంత గోడలో ఒక్క కుడిచేతి గీత లేదు.

ఆ పూట మరి పని సాగలేదు. తలనొప్పని చెప్పి ఎండ ఉండగానే ఇంటికి వచ్చేసింది. నేరుగా వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీది పొగగూటి పక్కన నిలబడింది. పన్నెండేళ్ల కిందట ఆ పొయ్యి కట్టింది రాన్ చాంగ్‌మింగ్. ఊళ్లో పొయ్యిలన్నీ అతనే కడతాడు. పందుల కొట్టాలూ అతనే కడతాడు. పని అయ్యాక గుమ్మం బయటే మెట్టు మీద కూర్చోబెట్టి అన్నం పెడతారు. లోపలికి ఎవరూ పిలవరు, అతనూ రాడు. ఆ రోజు అమ్మ తన చేత్తో గిన్నెలో రెండు గుడ్లు అదనంగా వేసి పంపడం సూమేయ్‌కి గుర్తుంది. మనకు ఇష్టం లేని మనిషికి గుడ్లెందుకని అప్పుడు అడగాలనిపించి అడగలేదు. మసి పట్టిన గిలాబాను తడిగుడ్డతో తుడిచింది. అవే విల్లులు. అదే తిరుగుడు.

అమ్మ పెరట్లో ముక్కాలి పీట మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. డెబ్బైయారేళ్ల వయసులో కూడా ఆమె చేతులు ఊరికే ఉండవు. సూమేయ్ ఎదురుగా చతికిలబడి తనూ గుప్పెడు కాయలు ఒళ్లో పోసుకుంది. ఎలా అడగాలో తెలియక, పై అంచెలో తను చూసింది చూసినట్టు చెప్పింది. అమ్మ చేతులు ఆగలేదు. అయిదారు తొడిమలు తీశాక అంది.

"ఎక్కావా అక్కడిదాకా. నాకు తెలుసు ఎక్కుతావని."

"నాన్న కాదు కదమ్మా అది చేసింది."

"ఆ నెలంతా మీ నాన్న మంచం దిగితే కదా. సున్నపు బట్టీ దూలం వీపు మీద పడింది. నలభై రోజులు బోర్లా పడుకోబెట్టి నేనే నూనె రాశాను. గిలాబా పనికి కబురు మన ఇంటికే వచ్చింది. ఎవరో ఒకళ్లు వెళ్లాలి, రాన్ వెళ్లాడు. గుడి ఆవరణకు తాళం వేసి ఉంచారు, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చూడలేదు. పని మన ఇంటి పని కాబట్టి మీ నాన్నే చేశాడనుకున్నారు అందరూ."

"మరి గుడి తిరిగి తెరిచాక?"

ఆ సంగతి అమ్మ చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎనభై రెండులో ప్రభుత్వం చర్చిని తిరిగి ఇచ్చాక కింది అంచె మీది మట్టి తీయడానికి తాన్ మేస్త్రిని పిలిచారు. మొదటి పెళ్ల లేచి పింగాణీ కనబడగానే జనం మోకాళ్ల మీద కూలబడ్డారు. ఎన్నో ఏళ్లు జైల్లో ఉండి వచ్చిన ముసలి ఫాదర్ ఒకాయన మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. అలా పట్టుకున్న చేతుల్ని ఎలా విడిపించుకుంటాడు? రేపు చెబుదామనుకున్నాడు. ఆదివారం చెబుదామనుకున్నాడు. క్రిస్మస్‌కి అనుకున్నాడు. ఇరవైమూడేళ్లు గడిచాయి, చెప్పకుండానే మేస్త్రి పోయాడు. పై రెండంచెలూ తెరుద్దామని ఎవరన్నా అంటే, పరంజా నిలవదు, చూరు పాతది, వద్దు అనేవాడు. ఆ మాట మీదే అవి ఇన్నేళ్లు మట్టి కింద ఉండిపోయాయి.

"నువ్వు కూడా ఊరుకున్నావు" అంది సూమేయ్.

"ఊరుకున్నాను. పోయినవాడి మొహాన నా చేత్తో మసి పూయమంటావా? నువ్వూ ఊరుకో. గోడ కడిగేస్తే గీతలు పోతాయి. ఆ మట్టి నీ చేతుల్లోనే కదా ఉంది."

ఆ మాట సూమేయ్‌కి కారంలా అంటుకుంది. నిజమే. రేపు ఒక్కపూట నీళ్లు కొట్టి గీకితే, ఇక అడిగే నాథుడు ఉండడు. చేతులు కడుక్కోకుండా కళ్లు తుడుచుకుంది. మిరపకాయల మంట వల్లే కళ్లు కారుతున్నాయని ఇద్దరూ అనుకున్నట్టు ఊరుకున్నారు.

శుక్రవారం ఆమె రాన్ ఇంటికి వెళ్లింది. అతను వాగు ఒడ్డున ఒంటి గదిలో ఉంటాడు. పెళ్లి కాలేదు, కుదిరిన ఒక్క సంబంధం ఆ ఏడే చెడిపోయింది. వాకిట్లో కూర్చుని కొత్త పొయ్యికి ఇటుకలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటీ ఎడమచేత్తో ఎత్తి, ఇంకో ఇటుకతో తట్టి, గంటలా మోగినవి ఒక పక్కన పెడుతున్నాడు. ఆమెను చూసి లేవలేదు గాని, పీట ముందుకు జరిపాడు.

"రాన్ బాబాయ్, పైకెక్కి చూశాను" అంది.

అతను ఇటుక తట్టాడు. "మట్టి బాగా పట్టిందా?"

"పట్టింది. కింద కాగితం ఉంది. గంజితో అంటించిన కాగితం, అంగుళం వదలకుండా."

"కాగితం లేకపోతే పింగాణీ మీద మట్టి నిలవదమ్మాయ్. అందుకని పెట్టాను. ఆ విప్లవం కుర్రాళ్లు పెంకులన్నీ సమ్మెటలతో రాలగొట్టమన్నారు. రాలగొడితే గోడ గుంటలు పడుతుంది, మీ అక్షరాలు సరిగా రావు, మట్టి పూస్తే నున్నగా పలకలా ఉంటుందన్నాను. జెండా పండగలోపు నినాదాలు రాయాలని వాళ్లకు తొందర. సరేనన్నారు. అంతకుమించి అందులో ఏమీ లేదు."

సూమేయ్ పీట మీద కూర్చుంది. కాగితం పెడితే మట్టి పట్టు తగ్గుతుందే గాని పెరగదు, ఎన్నేళ్లకైనా పెంకు చెదరకుండా ఒలిచెయ్యొచ్చు. ముప్పైయేళ్లుగా గోడలు పూస్తున్న మనిషితో అతను ఆ మాట అంటున్నాడు. వేరేవాళ్లయితే నమ్మేవాళ్లేమో. పనివాళ్ల మధ్య ఆ అబద్ధం నిలవదు. అది అతనికీ తెలుసు, తల ఎత్తలేదు.

ఆదివారం రాతిపలక పెడుతున్నారని, తను అందరిముందూ నిజం చెప్పేస్తానని ఆమె అంది. అతను చేతిలోని ఇటుక పక్కన పెట్టాడు.

"బలిపీఠం పగలగొట్టింది నేనేనమ్మా. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నాకు ఇరవైనాలుగేళ్లు. అందరూ అరుస్తున్నారు, నేనూ అరిచాను. సమ్మెట నా చేతికి ఇచ్చారు. మొదటి దెబ్బ వేసినప్పుడు సంతోషంగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి? విగ్రహం పడ్డాకే నాకు ఏదోలా అయింది. ఆ తర్వాత వారానికి గోడ పని. మెంగ్ అవ్వ నా మీద ఉమ్మేస్తుందంటే ఊరికే ఉమ్మేయదు. ఆమె చూసిందే అంటోంది."

"గోడ మూసింది ఎవరూ చూడలేదు కదా."

"చూడకపోతే మాత్రం. నీ తండ్రి నాకు తాపీ పట్టడం నేర్పాడు. ఎడమచేత్తో పట్టానని బెత్తంతో కొట్టాడు, చెయ్యి వాస్తే తనే కట్టు కట్టాడు. ఆయన పేరు మీద ఒక రాయి నిలబడితే నాకేం నొప్పి? మీ అమ్మ రేపటి నుంచి ఏ మొహంతో గుడికి వెళ్తుంది, అది ఆలోచించు." మళ్లీ ఇటుకలు తట్టడం మొదలుపెట్టాడు. ఇక వెళ్లమని ఆమెకు అర్థమైంది.

శనివారం పొద్దున ఆమె పరంజా ఎక్కి, మూల దగ్గర బొటనవేలి ముద్రలున్న పెళ్లను చుట్టూ కోసి, చెక్కుచెదరకుండా ఊడదీసింది. మిగతా పూతను ముట్టుకోలేదు. తర్వాత ఫాదర్ లువో గదికి వెళ్లి, తను పలక మీది గుడ్డ తీయనని, అది తన తండ్రి చేతిపని కాదని, రాన్ చాంగ్‌మింగ్‌దని చెప్పింది. ఫాదర్ కుర్చీలోంచి లేచి తలుపు మూసి వచ్చాడు. ఆమె మాటను ఆయన కాదనలేదు. కాకపోతే పై ఊళ్ల నుంచి జనం వస్తున్నారనీ, రాయి చెక్కేశారనీ, రాన్ పేరు ఎత్తితే సగం మంది లేచి వెళ్లిపోతారనీ అన్నాడు. పండుగ అయిపోనివ్వమన్నాడు, తర్వాత నెమ్మదిగా చూద్దామన్నాడు. నాన్న కూడా ఇలాగే అనుకుని ఉంటాడు, ఆదివారం పోనీ, క్రిస్మస్ పోనీ అని. సూమేయ్ తనే తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

ఇంటికి వెళ్లి ఆ మట్టిపెళ్లను అమ్మ కూర్చునే బల్ల మీద, ఆమె ఎదురుగా పెట్టింది. ఫాదర్‌తో అన్న మాట చెప్పి, "నేను రేపు గుడ్డ తీయను. నువ్వు తీస్తావో మానతావో నీ ఇష్టం" అంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పెళ్లను చాలాసేపు చూసింది. వేలిముద్రలో తన ఎడమ బొటనవేలు ఆనించి, వెంటనే తీసేసింది. ఆ రాత్రి సూమేయ్ వండిన చేపల పులుసు గిన్నెలోనే చల్లారింది.

ఆదివారం పూజ అయ్యాక జనం ముఖద్వారం ముందు గుమిగూడారు. పరంజా వెదుళ్ల నడుమ నుంచి రెండో అంచె ద్రాక్షతీగలు కనబడుతున్నాయి. పైఅంచె ఇంకా సగం మట్టితో ఉంది. ఫాదర్ లువో సూమేయ్ వైపు చూడకుండానే తాన్ మేస్త్రి భార్యను ముందుకు రమ్మని పిలిచాడు. ఆమె కర్ర పోటు వేసుకుంటూ నడిచి వెళ్లింది. ఎర్రగుడ్డ కొస చేతిలోకి తీసుకుంది. సూమేయ్ నేల చూపులు చూసింది. అమ్మ తీసేస్తుందనుకుంది. తీస్తే తను నోరు తెరవగలదో లేదో ఆ క్షణాన ఆమెకే తెలియలేదు.

అమ్మ గుడ్డను లాగలేదు. ఇంకొంచెం సర్ది కప్పింది.

"మెంగ్ అక్కా, నీ చెవికి సరిగా వినబడుతోందా?" అంది, మొదటి వరసలోని ముసలామెను చూసి. గొంతు పెద్దది కాదు గాని చివరి వరసదాకా వినబడింది. "ఆ నెల మా ఆయన మంచం మీద ఉన్నాడు. దొడ్డికి కూడా నేనే ఎత్తుకుని తీసుకెళ్లాను. ఈ గోడ మూసింది రాన్ చాంగ్‌మింగ్. మా ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మీ మర్యాద బాగుందని ఇద్దరం నోరు మూసుకున్నాం. పాపమైతే మాది, అతనిది కాదు."

మెంగ్ అవ్వ, "బలిపీఠం పగలగొట్టింది మాత్రం వాడే" అంది.

"వాడే. అది వాడు కాదన్నాడా?" అని అమ్మ వెనక్కి తిరిగింది. దారి ఇచ్చారు గాని ఎప్పటిలా చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. సూమేయ్ వెళ్లి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వెనక ఎవరి అడుగులూ వినబడలేదు.

సోమవారం పని మొదలయ్యే వేళకు రాతిపలకను చర్చి వెనక కొట్టంలో పెట్టేశారు. ఫాదర్ లువో వచ్చి, కొత్త రాయి మీద ఏం రాయాలో ఇంకా తేల్చలేదన్నాడు. పై ఊళ్లవాళ్లు రకరకాలుగా అంటున్నారట. సూమేయ్‌ని నేరుగా ఏమీ అనలేదు గాని, మధ్యాహ్నం టీ ఎవరూ తేలేదు. ఆమె తన సీసాలోని చల్లటి నీళ్లు తాగి, చూరు కిందికి చేరి, కుంచె ముంచింది.

కాసేపటికి కింద పనివాళ్ల మాటలు ఆగిపోయాయి. వంగి చూస్తే రాన్ చాంగ్‌మింగ్ ఆవరణ మధ్యలో నిలబడి ఉన్నాడు. పొయ్యిమట్టి అంటిన బట్టలతోనే వచ్చాడు. గేటు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల వెనక మెంగ్ అవ్వ నిలబడి చూస్తున్నారు. అతను వాళ్లవైపు చూడలేదు. మొహంలో కోపం తప్ప వేరేది లేదు.

"నువ్వూ మీ అమ్మా కలిసి నా బతుకును బజార్లో పెట్టారు" అన్నాడు పైకి చూస్తూ. "నలభై ఎనిమిదేళ్లు ఒక విధంగా బతికాను. ఎవరు పలకరిస్తారో, ఎవరు పలకరించరో నాకు తెలిసేది. ఇవాళ పొద్దున సంతలో ఒకాయన నాకు సిగరెట్ ఇచ్చాడు. పుచ్చుకోవాలో వద్దో తెలియక దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను."

క్షమించమంటే అతను ఇంకా కోప్పడతాడనిపించింది. తలదించుకుని కుంచెను మళ్లీ గోడకు ఆనించింది.

"అంత తడపకు" అన్నాడతను వెంటనే, గొంతు మారి. "నీళ్లు మరీ ఎక్కువైతే పెంకుల వెనక సున్నం వదులుతుంది. కొంచెం కొంచెంగా పెట్టు. ఆ కుడిమూల దగ్గర మరీ చూసుకో. అక్కడ కాగితం లేదు."

"కాగితం లేదా?"

"అయిపోయింది. మళ్లీ అడిగితే ఎందుకంటారు. మూడో రోజు, చీకటి పడేలోపు మూసెయ్యాలి."

ఆమె కుడిమూలకు జరిగింది. వెదురుబద్ద దూర్చి, పెళ్లను అరచేత్తో ఆపుతూ మెల్లగా లేపింది. మట్టి వెనక ఏదో మెత్తగా తగిలింది. వెలిసిన నీలం గుడ్డ. మట్టి రంగు పట్టి, అంచులు పొడిపొడిగా రాలుతున్న చొక్కా చెయ్యి. మోచేతి దగ్గర వేసిన అతుకు ఇంకా ఉంది. ఆమె దాన్ని చూసి, కిందికి చూసింది. ఆడవాళ్లు గేటు దాటి లోపలికి వచ్చేశారు. మెంగ్ అవ్వ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమిటది, ఏమిటి దొరికిందని పక్కావిడను అడుగుతోంది.

రాన్ చాంగ్‌మింగ్ పరంజా వెదురును ఎడమచేత్తో పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి చూస్తున్నాడు.

"ఒక్కసారిగా లాగకు అమ్మాయ్" అన్నాడు. "నా చొక్కాకు గుండీలుంటాయి. పింగాణీ గీసుకుపోతుంది."